ఒంటరి నక్షత్రమును విడువని సేవకుడు: లైమన్ జువెట్ గారి జీవితము

ధ్యాన భాగములు: ఎఫెసీయులకు 6:10-18, సామెతలు 4:20-27, యోహాను 4:35-38



ఈ నెల మన ధ్యానమునకు ఒక దైవసేవకుని జీవితమును ఎత్తుకొనుచున్నాము. నెల్లూరు సీమలో సంఘముల మధ్య పెరిగినవారికి జువెట్ దొరగారి పేరు క్రొత్త కాదు. ఒంగోలు ప్రార్థన కొండ కథను ఆదివారపు బడిలో వినని పిల్లలు అరుదు. అయితే మనము ఆ కథను ఒక అద్భుతమువలె చెప్పుకొని, సంతోషించి, అక్కడనే విడిచిపెట్టుచున్నాము. ఆ కొండ ఎక్కుటకు ముందు ఆ మనుష్యుని హృదయములో ఎట్టి పోరాటము జరిగినదో, కొండ దిగిన తరువాత ఎన్ని యేండ్లు ఆ పోరాటము సాగినదో మనము అంతగా ఆలోచింపము. మన సంఘములకు నేడు మిక్కిలి కావలసినది ఆ భాగమే అని మాకు తోచుచున్నది.

పిలుపు, ప్రయాణము

లైమన్ జువెట్ గారు 1813వ సంవత్సరములో అమెరికా దేశమందలి మెయిన్ రాష్ట్రములో, వాటర్‌ఫర్డ్ అను ఊరిలో జన్మించిరి. బ్రౌన్ విశ్వవిద్యాలయములో చదువు ముగించి, న్యూటన్ వేదపాఠశాలలో దైవశాస్త్రము నేర్చుకొనిరి. 1848లో తన భార్యయైన యుఫీమియా గారితో కూడ బోస్టను రేవులో ఓడ ఎక్కిరి. సూయజు కాలువ 1869లో గాని తెరువబడలేదు గనుక, ఆ దినములలో తెరచాపల ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టి, నెలల తరబడి నీటి మీదనే యుండి, ఈ తీరము చేరవలసి యుండెను. 1849వ సంవత్సరములో వారు నెల్లూరు చేరిరి.

వారితో కూడ తిరిగి వచ్చినవారు శామ్యూల్ డే గారు. కెనడా దేశమున పుట్టిన ఈ డే గారు 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరులో కాపురము పెట్టి సువార్త పని ప్రారంభించిరి. 1844లో అక్కడ ఒక చిన్న సంఘము ఏర్పడెను. కాని ఆరోగ్యము చెడి 1846లో ఆయన అమెరికాకు వెళ్లవలసి వచ్చెను. కాపరి లేని మూడు యేండ్లలో ఆ చిన్న మంద చెదరిపోయెను. జువెట్ గారు వచ్చి చూచినప్పుడు, వారు కోయుటకు పైరు లేదు. దున్నిన చేను కూడ మరల బీడు పడియుండెను.

మన పెన్నా నదిని ఎరిగినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఎండకాలమున ఒడ్డున నిలిచి చూచిన యెడల కనుచూపు మేర ఇసుకయే. ఇది నది యని కొత్తవాడు నమ్మడు. అయినను మన తల్లులు బిందె తీసికొని ఆ ఇసుకలోనికి దిగుదురు. చేతులతో చెలమ త్రవ్వుదురు. మొదట పొడి ఇసుక, తరువాత తడి ఇసుక, ఆ తరువాత తేట నీరు. నీరున్నదను నమ్మిక లేనివారు రెండు దోసిళ్లు ఇసుక తీసి ఇంటికి మరలుదురు. జువెట్ గారు రెండు దోసిళ్లతో మరలిన మనుష్యుడు కాడు.

ఆయన మొదటి పని తెలుగు నేర్చుకొనుట. సంవత్సరము తిరుగకముందే తెలుగులో ప్రసంగము చేసిరి. ఇది వట్టి తెలివితేటల సంగతి కాదు. ఒక జనుల భాష నేర్చుట ఆ జనులను ప్రేమించుటకు మొదటి మెట్టు. పరాయివాని నోట మన మాట వినబడినప్పుడు మన తలుపు కొంచెమైనను తెరువబడును గదా. బజారులలో, సంతలలో, జాతరలలో, రచ్చబండల యొద్ద ఆయన నిలిచి బోధించిరి. వినినవారు అనేకులు, విశ్వసించినవారు వ్రేళ్ల మీద లెక్కింపదగినవారు.

ఒంటరి నక్షత్రము

1853లో డే గారు ఆరోగ్యము పూర్తిగా చెడి, మరల రాకుండ అమెరికాకు వెళ్లిపోయిరి. తెలుగు దేశములో ఆ మిషనుకు మిగిలినది నెల్లూరు ఒక్కటే. ఆ నెల్లూరులో మిగిలిన మిషనెరీలు జువెట్ దంపతులు ఇద్దరే.

అదే యేట అమెరికాలోని ఆల్బనీ పట్టణమున బాప్తిస్టుల మిషను మహాసభ కూడెను. తెలుగు మిషనును నిలుపుటయా, మూయుటయా అను ప్రశ్న వారి యెదుటికి వచ్చెను. ఆ ప్రశ్న వచ్చుట అది మొదటిసారి కాదు. బర్మాలో అదే మిషను పనివలన కరెన్ ప్రజలు వేల కొలది ప్రభువు నొద్దకు వచ్చుచుండిరి. నెల్లూరులో చూడగా, డబ్బు ఖర్చు అగుచున్నది, మనుష్యులు రోగులై తిరిగి వచ్చుచున్నారు, ఫలము కానరాదు. లెక్క ప్రకారము చూచిన యెడల మూయుటయే న్యాయము. అయితే సభలో ఒకరు పటమును చూపి, సముద్రమునకు ఈవల నెల్లూరు ఒక్క ఒంటరి నక్షత్రమువలె నున్నదని చెప్పిరి. ఆ మాట శామ్యూల్ స్మిత్ అను దైవజనుని హృదయమున నాటుకొనెను. ఆ రాత్రి ఆయన ఆ ఒంటరి నక్షత్రమును గూర్చి ఒక చిన్న గీతము వ్రాసిరి. మరునాడు అది సభలో చదువబడగా అనేకుల కన్నులు చెమర్చెను. మిషను నిలిచెను. లెక్కలు ఒప్పుకొనని దానిని హృదయములు ఒప్పుకొనెను. ఒంటరి నక్షత్రమను పేరు ఆనాటి నుండి మన మిషనుకు నిలిచిపోయెను.

ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. దూరదేశమున ఇట్టి చర్చ జరుగుచుండగా, ఇక్కడ ఎండలో నడచుచున్న సేవకుని మనస్సు ఎట్లుండును? తన వెనుక నిలిచియున్నవారే తన పని వ్యర్థమా యని సందేహించుచున్నారు. తన యెదుట నున్నవారు వినుటలేదు. తనతోటి పనివాడు ఓడ ఎక్కి వెళ్లిపోయెను. బయటి శత్రువు కంటె లోపలి శత్రువు బలవంతుడు. నిరాశ యను ఆ శత్రువునకు కత్తి అక్కరలేదు. అది రాత్రివేళ మంచము ప్రక్కన చేరి మెల్లగా మాటలాడును. అపొస్తలుడైన పౌలు అగ్ని బాణములను గూర్చి వ్రాసినప్పుడు ఇట్టివాటిని కూడ తలంచి వ్రాసెనని మా నమ్మిక.

కొండ మీది ఐదుగురు

ఆ 1853వ సంవత్సరాంతమున జువెట్ గారు, వారి భార్య, కొందరు తెలుగు విశ్వాసులు సువార్త ప్రయాణముగా ఒంగోలు వెళ్లిరి. ఆ కాలమున ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో అది గుంటూరు జిల్లాలో చేర్చబడెను, 1970లో ఒంగోలు కొత్త జిల్లాకు ముఖ్యపట్టణమాయెను. నెల్లూరికి ఉత్తరముగా డెబ్బది మైళ్లకు పైబడిన దూరము. రైలు లేదు. ఎడ్ల బండ్లే ఆధారము.

1854 జనవరి 1వ తేదీ. చీకటి తొలగకముందే ఐదుగురు మనుష్యులు ఒంగోలు ఊరి ప్రక్కనున్న కొండను ఎక్కిరి. జువెట్ గారు, జువెట్ దొరసానిగారు, నరసు అను తెలుగు సహోదరుడు, జూలియమ్మ, రూతమ్మ. ఈ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు, ముగ్గురు తెలుగువారు. కొండ కథను చెప్పునప్పుడు దొరగారి పేరు మాత్రమే చెప్పి తక్కినవారిని మరచుట న్యాయము కాదు. జూలియమ్మ నెల్లూరు బడిలో పెరిగిన చిన్నది. తరువాత కనకయ్యగారను బోధకునికి భార్యయై, బహుకాలము సేవలో నిలిచెను.

కొండ పైన వారు కీర్తన పాడిరి. సువార్త తెచ్చువాని పాదములు పర్వతముల మీద ఎంత సుందరములో చెప్పు యెషయా గ్రంథ భాగమును చదివిరి. తరువాత ఒకరి వెనుక ఒకరు మోకరించి ప్రార్థించిరి. వారి మనవి ఒక్కటే. ఈ ఒంగోలుకు ఒక దైవసేవకుని పంపుమని. తూర్పున సముద్రము వైపు సూర్యుడు పైకి వచ్చుచుండగా, జువెట్ గారు క్రింద నాగజెముడు డొంకలతో నిండియున్న ఒక మిట్టను చూపి, అక్కడ మిషను బంగళా యుండిన ఎంత బాగుండునని తనవారితో చెప్పిరి. ఆ పొద్దు అది ముండ్లు గల బీడు. కొన్ని సంవత్సరములకు ఆ స్థలమే మిషను చేతికి వచ్చెను. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అనియే పిలుచుదురు.

వారు ఎవరి మీద యుద్ధము చేసిరి?

ఆత్మసంబంధమైన పోరాటము అను మాట మన గ్రామములలో నేడు ఎక్కువగా వినబడుచున్నది. దానిని ఏ అర్థముతో వాడుచున్నామో కొంచెము నిలిచి చూడవలెను. ఇంటిలో బిడ్డకు జ్వరము తగ్గకపోయిన యెడల ఎవరో చిల్లంగి పెట్టిరని అనుకొందుము. వల నిండకపోయిన యెడల ఎవరి దిష్టియో తగిలెననుకొందుము. ప్రక్క ఇంటివారిని శత్రువులని ఎంచి, వారి మీద అగ్ని దిగవలెనని ప్రార్థించువారు కూడ కలరు. ఇది పౌలు చెప్పిన పోరాటము కాదు. మన పోరాటము రక్తమాంసములు గల మనుష్యులతో కాదని ఆయన ఎఫెసు సంఘమునకు స్పష్టముగా వ్రాసెను. ప్రక్క ఇంటివాడు రక్తమాంసములు గలవాడే గదా.

జువెట్ గారి బోధను ఒంగోలువారు త్రోసివేసి, ఎగతాళి చేసిరి. అయినను ఆయన కొండ ఎక్కినది వారి మీద పగ తీర్చుమని దేవుని అడుగుటకు కాదు. వారికి ఒక కాపరిని ఇమ్మని అడుగుటకు. మనుష్యుని శత్రువుగా చూచిన హృదయము ఆ ప్రార్థన చేయలేదు. ముందుగా తన హృదయములోని కోపము, నిరాశ, అలసట ఓడిపోయిన తరువాతనే అట్టి ప్రార్థన నోటికి వచ్చును. గనుక ఒంగోలు కొండ మీది యుద్ధము ఒంగోలు ప్రజలతో జరుగలేదు. ఐదుగురి హృదయములలో జరిగెను. జీవధారలు హృదయము నుండియే బయలుదేరునని సామెతల గ్రంథము నేర్పుచున్నది. అక్కడ గెలిచినవారికి ఊరు గెలువబడుట తరువాతి సంగతి.

సర్వాంగ కవచమును మరల చదువుడి. సత్యము, నీతి, సమాధాన సువార్త, విశ్వాసము, రక్షణ, దేవుని వాక్యము. వీటన్నిటితో కూడ ఎడతెగని ప్రార్థన. వీటిలో పొరుగువానిని గాయపరచు ఆయుధము ఒక్కటియు లేదు.

కొండ దిగిన తరువాత పండ్రెండు సంవత్సరములు

ఇల్లు అలకగానే పండుగ కాదు. కొండ దిగిన మరుసటి నెలలోనే జవాబు వచ్చెనని మనలో కొందరు తలంచుచున్నారు. అట్లు కాదు. ఒంగోలుకు సేవకుడు వచ్చి స్థిరపడుటకు 1866 వరకు, అనగా పండ్రెండు సంవత్సరములు పట్టెను. ఆ కొండ మీద పుట్టిన శిశువుండిన యెడల అప్పటికి మేకలు కాయు పిల్లవాడై యుండును.

ఆ సంవత్సరములలో జువెట్ గారు ఏమి చేసిరి? చెప్పుటకు గొప్ప సంగతులు లేవు. బడి నడిపిరి. గ్రామములు తిరిగిరి. వచ్చిన కొద్దిమందికి వాక్యము నేర్పిరి. రోగముతో పోరాడిరి. మనము వ్రాయు జీవిత చరిత్రలలో ఇట్టి సంవత్సరములు ఒక్క వాక్యములో దాటిపోవును. దేవుని పుస్తకములో అవియే పెద్ద అధ్యాయములై యుండునేమో.

1862లో ఆరోగ్యము మిక్కిలి చెడి, ఆయన అమెరికాకు వెళ్లిరి. అక్కడ అంతర్యుద్ధము జరుగుచుండెను. మిషనుకు ధనము కొరతగా నుండెను. తెలుగు మిషనును మూయవలెనను ప్రశ్న మరల పైకి వచ్చెను. కొందరు పెద్దలు, నెల్లూరులోని కొద్దిమంది విశ్వాసులను బర్మాకు పంపిన మేలు గదా యని కూడ తలంచిరి. జువెట్ గారు రోగియైయుండియు దానికి ఒప్పుకొనలేదు. మిషను తనకు సహాయము చేసినను, చేయకపోయినను, తాను తిరిగి వెళ్లి తెలుగు ప్రజల మధ్యనే బ్రదికి, అక్కడనే చనిపోవుదునని దృఢముగా చెప్పిరి. ఆ రోగి మనుష్యుని పట్టుదల చూచి, ఆయన ఒంటరిగా వెళ్లినచో పాతిపెట్టుటకైనను ఒకడు తోడుండవలెను గదా యని పెద్దలలో ఒకరు హాస్యముగా అనిరట. తోడు దొరికెను. ఆయన జాన్ క్లౌ గారు. వయస్సు ఇరువది యెనిమిది. ఒకప్పుడు భూములు కొలుచు సర్వేయరు పని చేసినవారు. 1864 నవంబరులో ఇద్దరును కలిసి ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరిరి. పాతిపెట్టుటకు తోడుగా వచ్చెనన్న మనుష్యుడే ఒంగోలు ప్రార్థనకు జవాబాయెను.

జవాబు వచ్చినప్పుడు

1866లో తాళ్లకొండపాడునకు చెందిన యర్రగుంట్ల పేరయ్యగారు తన భార్యతో కూడ బాప్తిస్మము పొందిరి. ఈయన తోళ్ల వర్తకము చేయు మాదిగవాడు. ప్రభువును ఎరుగకముందే దేవుని వెదకి, గురువుల యొద్ద యోగము నేర్చి, ధ్యానమునకు అలవాటుపడిన హృదయము ఆయనది. ఆయన తన బంధువుల పల్లెలన్నియు కాలినడకన తిరిగి సాక్ష్యము చెప్పిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. కొండ మీది ప్రార్థనకు ఆనాటికి సరిగా పదమూడు యేండ్లు.

అంతలో మరియొక పోరాటము. పై కులములవారు కొందరు క్లౌ గారి యొద్దకు వచ్చి, మాదిగలను చేర్చుకొనిన యెడల తాము రామని చెప్పిరి. ఊరిలో పలుకుబడి గలవారు వచ్చుట పనికి మేలని ఎవరికైనను తోచును. క్లౌ గారు ఒక గదిలో, ఆయన భార్య వేరొక గదిలో, ఒకరి సంగతి మరియొకరికి తెలియకుండ ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని భాగమే తగిలెను. లోకము బలహీనులని, నీచులని ఎంచిన వారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు భాగమది. వారు దానికి లోబడిరి. పేరయ్యగారి పల్లెకు తలుపు మూయబడలేదు. ఆ తలుపు మూయబడియుండిన యెడల ఈ పత్రికను నేడు చదువుచున్న మనలో ఎందరి తాతలకు సువార్త అందియుండునో ఆలోచింపుడి.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ గారు తన సర్వేయరు విద్యను ఉపయోగించి, మన తీరము వెంట త్రవ్వబడుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలితో నున్నవారికి కూలి కల్పించిరి. కూలి డబ్బు కొరకు ఎవరును క్రైస్తవులు కాకూడదని, సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు ఆపివేసిరి. కరవు పని ముగిసి సహాయమునకు డబ్బు లేదని చెప్పిన తరువాత కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి యొద్ద, 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి ఇచ్చిరి. ఆ యేడు బాప్తిస్మము పొందినవారు తొమ్మిది వేలకు పైగా నుండిరి.

మరి ఆ దినమున జువెట్ గారు ఎక్కడ నుండిరి? గుండ్లకమ్మ ఒడ్డున లేరు. 1878లోనే మద్రాసు పట్టణములో మిషను పని ప్రారంభించుటకు వెళ్లియుండిరి. తెలుగు క్రొత్త నిబంధనను సవరించు పనిలో అనేక సంవత్సరములు కూర్చుండి, ఒక్కొక్క మాటను తూచి వ్రాసినవారు ఆయన. వాక్యము చదువ నేర్చిన కొత్త విశ్వాసుల చేతికి వాక్యము అందవలెను గదా. విత్తువాడు ఒకడు, కోయువాడు ఒకడు అని ప్రభువు సమరయలో శిష్యులతో చెప్పిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మన సీమలో లేదు. పంట యింటికి వచ్చునప్పుడు కళ్లములో తన పేరు వినబడలేదని ఆయన నొచ్చుకొనలేదు. ఇదియు హృదయములో గెలువవలసిన యుద్ధమే. బహుశః అన్నిటికంటె కష్టమైనది.

1880వ దశకములో శరీరము సహకరింపక వారు అమెరికాకు మరలిపోయిరి. తెలుగు ప్రజల మధ్య చనిపోవలెనను కోరిక తీరలేదు. ఎనుబది యేండ్లు దాటిన వృద్ధాప్యములో, 1897లో, ఆయన ప్రభువునందు నిద్రించిరి.

మన హృదయముల సంగతి

జువెట్ గారికి విశ్వాసులు కొద్దిమంది, విశ్వాసము మిక్కుటము. మనకు విశ్వాసులు వేలు. గోడలు కట్టితిమి, గంటలు కట్టితిమి, మైకులు పెట్టితిమి, క్రిస్మసుకు రంగుల దీపములు వ్రేలాడదీసితిమి. అయితే సంఘ కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు ఒక తల్లి బిడ్డలు రెండు పక్షములై, బల్ల యొద్ద ఒకరి ముఖము ఒకరు చూడరు. మిషను స్థలముల మీద వ్యాజ్యములకు పట్టిన డబ్బుతో ఎన్ని బడులు నడపవచ్చునో. సముద్రపు ఒడ్డున నివసించు మనకు తెలియును: తుఫానులో పడవ మునుగుట చుట్టునున్న నీటివలన కాదు, లోపలికి చేరిన నీటివలన.

విశ్వాసము మరల క్రొత్తది కావలెనని అందరమును కోరుచున్నాము. దానికి పెద్ద సభలు, దూరపు ప్రసంగీకులు, డప్పుల చప్పుడు కావలెనని తలంచుచున్నాము. అవి వద్దని మేము చెప్పుట లేదు. కాని మన సీమలో జరిగిన ఆ గొప్ప ఉజ్జీవము చప్పుడుతో ప్రారంభము కాలేదు. చలికాలపు తెల్లవారుజామున ఐదుగురితో ప్రారంభమాయెను. కాగా ఈ మాసమంతయు మూడు పనులు చేయుదము.

ఒకటి, మన పోరాటము ఎవరితోనో తెలిసికొందము. ప్రార్థనలో ఒక మనుష్యుని పేరు కోపముతో నోటికి వచ్చిన యెడల, అదే పేరును ఆశీర్వాదముతో మరల పలుకుదము. అది నోటికి రానంత వరకు మనము ఇంకను యుద్ధభూమిలో అడుగు పెట్టలేదు.

రెండు, ఐదుగురము కూడుదము. ప్రతి పల్లెలో వారమునకు ఒక్క తెల్లవారుజాము, పొలమునకు గాని వేటకు గాని వెళ్లకముందు, ఐదుగురు చాలును. స్త్రీలు, చిన్నపిల్లలు కూడ అందులో నుండవలెను. ఇంకను సువార్త అందని ఒక ఊరి పేరు, లేక చల్లారిపోయిన ఒక సంఘము పేరు చెప్పి ప్రార్థింతము.

మూడు, గడువు పెట్టకుందము. పండ్రెండు వారములు కాదు, పండ్రెండు సంవత్సరములు కనిపెట్టినవారి బిడ్డలము మనము. జవాబు మన కాలములో రాకపోయినను, మన చేతులతో రాకపోయినను, వచ్చునప్పుడు సంతోషించు హృదయమును ముందుగా అడుగుదము.

ఇసుక పైకి పొడిగానే యున్నది. అయినను పెన్నా నది క్రింద నీరు కలదు. చెలమ త్రవ్వుదము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. ఈ సంవత్సరములో మన యింటిలో నిరాశ ఏ వైపు నుండి లోపలికి వచ్చినది?
2. మన ప్రార్థనలో కోపముతో తలంచు మనుష్యుడు ఎవరైనను కలరా?
3. జవాబు రాలేదని మనము మానివేసిన ప్రార్థన ఏది? దానిని ఈ రాత్రి మరల ఎత్తుకొందమా?

ప్రార్థన: కనికరముగల తండ్రీ, మా పితరులకు వెలుగు చూపిన నీ సేవకులను బట్టి నీకు స్తోత్రము. బీడు పడిన మా హృదయములను దున్నుము. పొరుగువానిని శత్రువుగా చూడకుండ మా కన్నులను కాపాడుము. అలసినప్పుడు మానక ప్రార్థించు ఆత్మను మాకు దయచేయుము. మేము విత్తినది వేరొకరు కోసిన యెడల, వారితో కూడ పాడుటకు మాకు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.